మూసారాంబాగు మెట్టపైని సమాధి

మలక్‌పేట నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్.బి.నగరు పోవు మెట్రో బండిలో ప్రతిదినమును వేలకొలది జనులు మూసారాంబాగ్ అను పేరు వినుచున్నారు. ఈ మూసారాం ఎవరని వారిలో కొందరిని మేము అడిగితిమి. ఒకరు జాగీర్దారనిరి, ఒకరు భక్తుడనిరి, పెక్కుమంది యోచింపనే లేదనిరి. చదువరులారా! ఆతడు జాగీర్దారు గాడు, భక్తుడును గాడు. ఫ్రాన్సు దేశమందలి గాస్కనీ ప్రాంతమున 1755వ సంవత్సరమున పుట్టిన రేమాండు దొర. ఆ పేరే మన నాలుకలపై నలిగి మూసారామయ్యెను.

ఆతడు తన యిరువదవయేట, 1775లో, వర్తకము చేయదలచి పుదుచ్చేరికి వచ్చెను. అచ్చట త్రాసు విడిచి కత్తి పట్టెను; మైసూరున హైదరాలీ పక్షమున నుండిన ఫ్రెంచి దండులో పనిచేసి, పిమ్మట బుస్సీ దొర క్రింద చేరెను. 1785లో బుస్సీ మరణింపగా మరుసటి యేట నిజాం అలీఖాను కొలువున ప్రవేశించెను. కొలదిమందితో మొదలైన యాతని పటాలము క్రమముగా పదివేలకు మించెను. హైదరాబాదున నేటికిని గన్‌ఫౌండ్రీ యని పిలువబడు పేట యాతని ఫిరంగుల కార్ఖానా పేరనే వెలసినది. 1795 మార్చిలో ఖర్డా యొద్ద నిజాము మహారాష్ట్రుల చేతిలో ఓడెను. ఆ యేడే నిజాము కుమారుడు ఆలీజా తిరుగబడగా, రేమాండే యా తిరుగుబాటు నణచెను.

1798 మార్చి 25వ తేదీన ఆతడు చనిపోయెను. సరూర్‌నగరు వైపున, నాడు పొలములు, తోటలు తప్ప మరేమియు లేని యొక మెట్టపై నాతని పూడ్చి, సుమారు ఇరువదిమూడడుగుల ఎత్తుగల కొనదేలిన రాతిస్తంభము నిలిపిరి. దానిపై ఆతని పేరి తొలి యక్షరములు రెండు చెక్కబడియున్నవి. ప్రక్కనే గ్రీకు రీతి స్తంభముల మండపము కలదు.

ఆతని దండు ఆతని వెనుక ఏడు నెలలు మాత్రమే నిలిచెను. సెప్టెంబరు 1వ తేదీన నిజాము ఆంగ్లేయులతో సంధి కుదుర్చుకొనెను. అక్టోబరు 22వ తేదీన ఆంగ్లసైన్యము ఫ్రెంచి పటాలమును చుట్టుముట్టి యాయుధములు విడిపించెను. దక్కనున ఫ్రెంచివారి ఆశ ఆనాటితో అంతరించినది. సమాధి మాత్రము మిగిలినది.

అటుపిమ్మట జరిగినదే మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. జయించినవారు మరచిన యా పరదేశిని ఈ యూరి సామాన్యజనులు మరువలేదు. హిందువులు మూసారాం అనిరి. మహమ్మదీయులు మూసారహీం అనిరి. ఒక క్రైస్తవుని గోరికడ యిరువురును కలిసి, గత శతాబ్దపు పూర్వార్ధము వరకును, ఆతడు చనిపోయిన దినమున ఉరుసువలె గుమిగూడెడివారు. ఏ శాసనమును వారి నట్లు చేయుడని చెప్పలేదు. మతము పేర మనుష్యులను వేరుపరచు మాటలు పెచ్చుపెరిగిన యీ దినములలో ఈ సంగతి మన పిల్లలకు తెలియవలదా?

కొంద రిట్లందురు: ఆతడు జీతమునకు పోరాడిన పరదేశి, ఆతని గోరిని మనమేల కాపాడవలెను? ఈ యాక్షేపణ తీసివేయదగినది కాదు. మేమును ఆతనిని మహాత్ముడని చెప్పుటలేదు. కాని సమాధిని కాచుట వేరు, సమాధిలోనివానిని పొగడుట వేరు. ఆతని వెంట నడచిన వేలాది సిపాయీలలో అత్యధికులు ఈ దేశపు బిడ్డలే. వారిలో ఎవరెక్కడ పడిరో చెప్పు రాయి లేదు. ఈ మెట్టమీది స్తంభముపై రెండక్షరములే యున్నను, పేరు లేని యా వేలమందికిని మిగిలిన గుర్తు అదియే. దానిని పోగొట్టుకొన్నచో నష్టము ఫ్రాన్సుది కాదు, మనది.

నష్టమనునది వట్టి యూహ కాదు. 2001 అక్టోబరులో కురిసిన జడివానకు ఆ మండపము కూలిపోయెను. పిదప పురావస్తు శాఖవారు దానిని మరల నిలిపిరి. రెండువందల యేండ్లు నిలిచినది ఒక్క వానకు పడుటకు వాన యొక్కటే కారణమా? ఏండ్ల తరబడి ఎవరును పగులు చూడకపోవుట గాదా? పొలములుండిన చోట నేడు ఇండ్లు మెట్టను క్రమ్ముకొన్నవి. బందరులోను, భీమునిపట్నములోను డచ్చివారి గోరీలు ఇట్లే మన పోషణలో మిగిలియున్నవి. వారి వంశీకులు సముద్రముల కావల నున్నారు. ఆ రాళ్లకు ఇరుగుపొరుగు మనమే.

కావున మే మడుగునది పెద్ద ధనవ్యయము గాదు. ఇరుగుపొరుగు పాఠశాలల యుపాధ్యాయులు ఏటేట మార్చి 25వ తేదీన పిల్లలను ఆ మెట్ట యెక్కింపవలెను. సమాధి కథను కల్పనలు లేక తెలుగున చెప్పవలెను. పేటవారు మండపమున పగులు కనబడిననాడే అధికారులకు తెలుపవలెను. మన తాతలు చదువు లేకయే పరదేశి గోరికడ దీపము పెట్టిరి. చదువుకొన్న మనము ఆ గోరి ఎవరిదో తెలిసికొనుటకైనను నోచుకొనవలదా?