బండి చూరు ముచ్చట

ఈసారి ముచ్చట కొంచెం పెద్దది. చాయ్ పెట్టుకొని తీరిగ్గా చదవండి.

మొన్న ఆదివారం సెలవు. షార్జాలో మా రూము వెనక నీడ పడే చోట బండి ఆపి, పైన సామాను కట్టుకోవడానికి రెండు అడ్డ బార్లు బిగించాం. మాలో పెద్దాయన, అందరం కాక అని పిలుస్తాం, కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఆయన ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగి, పైకప్పు అంచు మీద వేలు పెట్టి జరుపుతూ, "ఏందిరా, ఈ బండికి చూరే లేదు?" అన్నాడు. అందరం నవ్వాం. రాత్రి పడుకున్నాక అది నవ్వే మాట కాదనిపించింది.

ఎందుకంటే పోయినేడు మేము చేసిన తప్పు ఆ చూరు దగ్గరే ఉంది. బతుకమ్మకు లైట్లు కట్టడానికి పెద్ద అల్యూమినియం నిచ్చెన ఒకటి పైన వేసుకొని పోతున్నాం. బార్లు మేమే బిగించాం, నాలుగు మూలలు నలుగురం, ఎవరి బలం వాళ్లు చూపించి. రోడ్డు మీద 110లో పోతుంటే ముందు బారు లేచింది. నిచ్చెన జారి పక్క లైనులో పడింది. వెనక వస్తున్న బండాయన బ్రేకు తొక్కి పక్కకు కోసుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆ బండిలో ఇద్దరు పిల్లలు. ఆయన దిగి తిట్టలేదు, పిల్లల వైపు చెయ్యి చూపించి ఊరుకున్నాడు. తిడితే బాగుండు అనుకున్నాం. ఊడింది ఏ మూలదో, అది ఎవరు బిగించారో ఈ రోజుకీ తేలలేదు. అందుకే ఇందులో ఒకరి పేరు లేదు, మేము అంటే మేమందరం.

ఇప్పుడు చూరు సంగతి. పాత అంబాసిడర్ గుర్తు చేసుకోండి. తలుపుల పైన, ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా ఇనుప అంచు ఒకటి వంపు తిరిగి ఉంటది. వాన నీళ్లు తలుపు తీసినోడి నెత్తిన పడకుండా అందులో నుంచి పక్కకు జారిపోతాయి. మన పెంకుటింటికి చూరు ఎట్లనో బండికి అది అట్ల. కానీ అది నీళ్ల కోసమే పుట్టింది కాదు. పైకప్పు రేకును పక్క రేకుతో కలపాలంటే రెండింటి అంచులు ఒకదాని మీద ఒకటి మడిచి స్పాట్ వెల్డింగ్ కొట్టాలి. ఆ జాయింటే చూరు అయింది. మన పనిలో కూడా అంతే కదా, జాయింటు దాచలేకపోతే దానికి ఒక పని ఇచ్చేస్తాం.

ఇంకా వెనక్కి పోతే, బండి పైన సామాను పెట్టే ఆలోచనే కష్టం. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి లాంటి బండ్లకు చాలావాటికి గుడ్డ టాపు. సామాను పెట్టెను వెనక తోలు పట్టీలతో కట్టేవాళ్లు. ఆ పెట్టె పేరే ట్రంకు. మన పెళ్లిళ్లలో ఆడపిల్లకు ఇచ్చే ట్రంకు పెట్టె, అమెరికావాళ్లు కారు డిక్కీని పిలిచే ట్రంకు, రెండూ ఒక్క మాటే. అంత పెద్ద రేకును ఒకే దెబ్బకు వంచే ప్రెస్సులు లేక, తలుపులు అద్దాలు వచ్చిన బండ్లకు కూడా చాలాకాలం పైకప్పు నడుమ గుడ్డే బిగించేవాళ్లు. జనరల్ మోటార్స్ కంపెనీ 1935 మోడల్ బండ్లకు మొత్తం ఉక్కు పైకప్పు పెట్టి, దాన్నే గొప్పగా ప్రచారం చేసుకుంది. బండి పైకప్పు గట్టి స్లాబులా మారింది ఆ కాలంలోనే.

గట్టి పైకప్పు, దాని పక్కన గట్టి చూరు. ఇక క్యారియర్లు చేసేవాళ్లకు కావలసింది దొరికింది. కాళ్లు చూరులో నిలబెట్టి, కింద నుంచి కొక్కెం వేసి బోల్టు బిగిస్తే చాలు. బరువు పల్చటి రేకు మీద పడదు. చూరు నుంచి స్తంభాల్లోకి, స్తంభాల నుంచి కిందికి దిగుతుంది. స్లాబు బరువు బీము మీదికి, బీము బరువు పిల్లరు మీదికి వచ్చినట్టే. ఇప్పుడు ప్రపంచమంతా పేరున్న థూలే కంపెనీ స్వీడన్‌లో 1942లో మొదలైంది. మొదట్లో చేసింది జాలర్లకు పైక్ చేపలు పట్టే బోనులు. బండి పైన పెట్టే క్యారియర్లలోకి 1960లలో దిగింది.

మన దగ్గర అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా తయారైంది. టాక్సీ అంటే పైన క్యారియర్ ఉండాల్సిందే. బేగంపేట ఎయిర్‌పోర్టు రోజుల్లో దుబాయ్ నుంచి వచ్చినోళ్లు కిరాయికి అంబాసిడర్ మాట్లాడుకొని, టేప్ రికార్డరు, దుప్పట్లు, అత్తరు సీసాల పెట్టెలు పైన కట్టుకొని జగిత్యాల దిక్కు పోయేవాళ్లు. బండి ఊర్లోకి రాగానే పిల్లలు చూసేది లోపల ఎవరున్నారని కాదు, పైన ఏమున్నదని. మేము కూడా ఆ పిల్లల్లో ఉన్నాం. డ్రైవరు చూరు కొక్కెంలో పానా వేసి, ఇంక తిరగదు అనేదాకా తిప్పేవాడు. మీద తాడు నాలుగు చుట్లు. బిగించడం అంటే ఇదే అని మా చేతులకు అప్పుడే పడిపోయింది.

మరి ఆ చూరు ఏమైంది? ఇక్కడే గమ్మత్తు. 1973 అక్టోబరులో యుద్ధం మధ్యలో అరబ్ దేశాలు చమురు ఆపాయి. బ్యారెల్ సుమారు 3 డాలర్లు ఉన్నది కొద్ది నెలల్లోనే 12 డాలర్ల దగ్గరికి పోయింది. ఆ డబ్బుతో ఈ ఎడారిలో పనులు లేచాయి. 1979లో జెబెల్ అలీ పోర్టు, అదే ఏడు దుబాయ్ వరల్డ్ ట్రేడ్ సెంటర్. ఆ పనులకు మనుషులు కావాలి. మన ఊర్ల నుంచి బొంబాయి మీదుగా మొదటి తరం అట్లా వచ్చింది. మా కాక వచ్చింది వాళ్లు వేసిన బాటలోనే.

అదే చమురు రేటు అటు పక్క బండ్లు చేసేవాళ్లను భయపెట్టింది. అమెరికాలో 1975లో చట్టం తెచ్చి, గ్యాలన్‌కు ఇన్ని మైళ్లు రావాలని కంపెనీలకు లెక్క పెట్టారు. తక్కువ పెట్రోలు తాగాలంటే బరువు తగ్గాలి, బండి గాలిని చీల్చుకుంటూ నున్నగా పోవాలి. గాలికి అడ్డం వచ్చే ప్రతి అంచునూ వెతికారు. 1982లో వచ్చిన ఆడి 100 అద్దాలను రేకుతో సమానంగా కూర్చోబెట్టి, గాలి నిరోధం లెక్క 0.30కి దించింది. ఆ కాలంలో కుటుంబాల కారుకు అది చాలా తక్కువ. తర్వాత ఒక్కొక్క కంపెనీ చూరు తీసేసింది. కొన్ని బండ్లలో తలుపే పైకప్పులోకి మడిచి వచ్చింది, కొన్నిట్లో జాయింటును సన్నటి కాలువలో దించి మీద రబ్బరు పట్టీ కప్పారు. అంటే మమ్మల్ని ఇక్కడికి తెచ్చింది, బండి చూరు ఊడదీసింది ఒక్క చమురు రేటే. మేమెవరం ఇట్లా ఎన్నడూ ఆలోచించలేదు.

చూరు ఇంకా పోని బండి కావాలంటే టయోటా ల్యాండ్ క్రూజర్ 70 సిరీస్ చూడండి. 1984 నుంచి వస్తోంది. సైట్ల మీద మీరు చూసే ఉంటారు.

చూరు పోయాక క్యారియర్ పట్టుకునే చోటు బండికొకటి అయింది. కొన్నిటికి పైన లేచిన రైలు ఉంటది, కొన్నిటికి రబ్బరు మూత కింద దాచిన నట్లు, ఏదీ లేకపోతే తలుపు సందులోకి వేసే కొక్కెం. అందుకే బారు ఒక్కటే అయినా కాళ్లు మాత్రం బండి మోడలును బట్టి వేరే కొనాలి. పోయినేడు మేము ఆ కాళ్లే చూసుకోలేదు. వేరే బండివి, రైలుకు కూర్చున్నట్టే కనిపించాయి. మీద అంబాసిడర్ డ్రైవరులాగా తిప్పినకొద్దీ తిప్పాం. పాత క్యారియర్ ఇనుము మీద ఇనుము, చూరు అంచు అడ్డం ఉండేది. ఇప్పటిది అల్యూమినియం, పట్టు అంతా రబ్బరు ఒత్తిడి మీదే. అతిగా తిప్పితే లోపల థ్రెడ్ పోతుంది, పోయిన సంగతి చేతికి తెలియదు, ఇంకా బిగుస్తున్నట్టే ఉంటది.

ఈసారి చేసిన పని చెప్తాం. మా మోడలుకే సరిపడే కాళ్లు తెచ్చాం. రైలును తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాం, ఇక్కడి దుమ్ము రబ్బరు కింద ఉంటే పట్టు దొరకదు. రెండు బార్ల మధ్య 70 సెంటీమీటర్లు టేపు పెట్టి కొలిచాం. రెండు పక్కలా కొలత సమానం ఉందా అని మూలమట్టం చూసినట్టు చూశాం. నాలుగు బోల్టులు ముందు చేత్తో, తర్వాత అటూ ఇటూ మార్చి మార్చి కొంచెం కొంచెం. బార్లతో వచ్చిన కాగితంలో 6 న్యూటన్ మీటర్లు అని ఉంది, సైటు నుంచి టార్క్ రెంచ్ అడిగి తెచ్చాం. అది టిక్కుమన్నప్పుడు మాలో చిన్నోడు, "ఇంతేనా? ఇంకా తిరుగుతుంది కదన్నా" అన్నాడు. రెంచ్ వాడి చేతిలో నుంచి తీసుకున్నాం.

బరువు సంగతి కూడా వినండి తమ్మీ. మా బండి పుస్తకంలో పైకప్పుకు 80 కిలోలు అని రాసుంది, అందులో బార్ల బరువు కూడా కలిసే ఉంటది. 18 ఎంఎం ప్లైవుడ్ 8 బై 4 షీటు ఒక్కటి 30 కిలోలు దాటుతుంది. రెండు వేస్తే సరి, మూడోది వేస్తే పోయింది. అది కూడా బండి ఆగి ఉన్నప్పటి లెక్క అనుకోకండి, కదులుతున్నప్పటిది. స్పీడు రెండింతలైతే గాలి బలం నాలుగింతలు. 60లో కదలని షీటు 120లో రెక్కలాగా లేస్తుంది. అందుకే పొడుగు సామానుకు బార్ల దగ్గర పట్టీలే కాకుండా ముందు బంపరు కింద, వెనక కొక్కేనికి కూడా కట్టాలి.

సాయంత్రం నిచ్చెన వేసుకొని 50 కిలోమీటర్లు పోయి వచ్చాం, 80 దాటలేదు. కాక ముందు సీట్లో కూర్చొని, అద్దం దించి, దారి పొడుగునా చెయ్యి బయటపెట్టి ముందు బారును ముట్టుకుంటూనే ఉన్నాడు. చెయ్యి లోపల పెట్టమంటే వినలేదు. తిరిగొచ్చి రెంచ్ మళ్లీ పెడితే మూడు మూలలు వెంటనే టిక్కుమన్నాయి. డ్రైవరు వెనక మూలది మాత్రం పావు చుట్టు తిరిగాక అన్నది.