ఫ్రెంచి, ఇంగ్లీషుల మధ్య ఇటాలియన్ కాఫీ

2000 సంవత్సరంలో కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్ రాష్ట్రంలోని మాంట్రియల్ నగరంలో మూడు కాఫీ షాపుల మీద పెట్రోలు బాంబులు పడ్డాయి. మూడూ ఒకే కంపెనీవి. బోర్డు మీద ‘సెకండ్ కప్’ అని ఇంగ్లీషు పేరు ఉండటమే అవి చేసిన నేరం. బాంబులు వేసినవాడు 1960లలో క్యూబెక్ స్వాతంత్ర్యం కోసం హింసకు దిగిన ఎఫ్ఎల్‌క్యూ సంస్థ పాత మనిషి. మరుసటి ఏడాది కోర్టు అతణ్ణి దోషిగా తేల్చింది. బోర్డులకు తారు పూసే ఉద్యమాలు మనకు తెలుసు. ఇది తారుతో ఆగలేదు.

ఆ ఊళ్లో సెయింట్ లారెంట్ వీధికి తూర్పున ఫ్రెంచివాళ్లు, పడమట ఇంగ్లీషువాళ్లు అనేది పాత లెక్క. ఇంటి నంబర్లు కూడా అక్కణ్ణుంచే రెండు వైపులా మొదలవుతాయి. ఎటూ చెందని యూదులు, ఇటాలియన్లు, గ్రీకులు, పోర్చుగీసులు ఈ నడిమి వీధి పొడవునా స్థిరపడ్డారు. 1956లో ‘కెఫే ఇటాలియా’ వెలిసింది ఈ వీధిలోనే. 1970లో రోకో ఫుర్ఫారో అనే ఇటాలియన్ వలసదారు దగ్గర్లోని సెయింట్ వయాటర్ వీధిలో ‘కెఫే ఒలింపికో’ తెరిచాడు.

అది మామూలు ఏడాది కాదు. ఆ అక్టోబరులో ఎఫ్ఎల్‌క్యూ కిడ్నాపులతో నగరంలోకి సైన్యం దిగింది. అంతకు ముందు ఏడాదే సెయింట్ లియొనార్డ్ శివారులో బడుల భాష మీద వీధిపోరాటాలు జరిగాయి. ఆ గొడవకు కేంద్రం ఇటాలియన్లే. ఉద్యోగాలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి పిల్లల్ని ఇంగ్లీషు చదువుకు పంపుతామన్నారు. కాన్వెంటు ఫీజుల కోసం అప్పులు చేసిన మన తల్లిదండ్రులకు ఆ ఆరాటం విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫ్రెంచివాళ్ల భయమూ ఉత్తిది కాదు. వలస వచ్చినవాళ్లంతా ఇంగ్లీషు వైపే మళ్లితే, ఉత్తర అమెరికాలో తమ భాష ఎన్నాళ్లు నిలుస్తుందని వాళ్ల బెంగ. 1977లో 101వ చట్టం వచ్చి వలస కుటుంబాల పిల్లల్ని ఫ్రెంచి బడికి మళ్లించింది. దుకాణాల బోర్డులు ఫ్రెంచిలోనే ఉండాలంది. 1988లో సుప్రీంకోర్టు ఆ బోర్డుల నిబంధనను కొట్టేసింది. 1993 నుంచి ఫ్రెంచి ప్రముఖంగా ఉంటే చాలు, పక్కన వేరే భాష ఉండొచ్చన్నారు.

ఒలింపికోను ఊరివాళ్లు ‘ఓపెన్ డా నైట్’ అంటారు. ‘ఓపెన్ డే అండ్ నైట్’ అన్న బోర్డులో కొన్ని అక్షరాలు రాలిపోగా మిగిలిన పేరట. ఏ చట్టమూ చెప్పకుండానే ఇంగ్లీషు దానంతటదే తగ్గిందన్నమాట! కౌంటరు దగ్గర మాట ఫ్రెంచిలో మొదలై ఇంగ్లీషులో ముగిసినా పట్టించుకునేవారు లేరు. టీవీలో ఇటలీ ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే మాత్రం అరుపులు ఆ రెండిట్లోనూ ఉండవు. యజమాని ఏ పక్షానికీ చెందనివాడు కావడమే ఇలాంటి చోట్ల ప్రశాంతతకు కారణమని నా అభిప్రాయం. విశాల హృదయం ఆ తర్వాతి సంగతి.

ఫ్రెంచి అమలును చూసే క్యూబెక్ ప్రభుత్వ భాషా కార్యాలయానికి ఈ సర్దుబాటు ఆలస్యంగా అర్థమైంది. 2013లో ఒక ఇటాలియన్ రెస్టారెంటు మెనూలో ‘పాస్తా’ వంటి మాటలు ఫ్రెంచి కావని నోటీసిచ్చింది. ప్రపంచమంతా నవ్వింది. కొద్ది వారాల్లో ఆ కార్యాలయ అధిపతి రాజీనామా చేశారు.

బోర్డుల పేచీ మాత్రం తెగలేదు. 2025 జూన్ 1 నుంచి అక్కడ దుకాణం బయట వేరే భాషలో ట్రేడ్‌మార్కు పేరు ఉంటే, ఫ్రెంచి రాతకు దానికి రెట్టింపు జాగా ఇవ్వాల్సిందే.