ఉగాది దాకా

పోయిన నెల నా చేతికొక ఆఫర్ లెటర్ వచ్చింది. జీతం బాగానే పెరుగుతుంది. దానిమీద నాలుగు లక్షల జాయినింగ్ బోనస్. పదకొండో పేజీలో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కూడా ఉంది: పద్దెనిమిది నెలల్లోపు మానేస్తే ఆ బోనస్ మొత్తం తిరిగి కట్టాలి. ఇప్పుడున్న కంపెనీలో నాకు నాలుగేళ్ళ ఏడు నెలలు నిండాయి. ఇంకో ఐదు నెలలు ఓపిక పడితే గ్రాట్యుటీ వస్తుంది. అంటే వీళ్ళు వెనక నుంచి చొక్కా పట్టుకున్నారు, వాళ్ళు ముందే చేయి పట్టుకున్నారు.

మా తాతకి ఈ లెక్క చెప్తే వెంటనే అర్థమయ్యేది. ఆయన నందిగామ దగ్గర ఒక ఊళ్ళో, ఒకే రైతు ఇంట్లో పదకొండేళ్ళు పాలేరుగా చేశాడు. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఒక జత చెప్పులు, ఒక దుప్పటి. ఉగాది నుంచి మళ్ళీ ఉగాది దాకా ఒప్పందం. మధ్యలో మానే వీల్లేదు, ఎందుకంటే పెళ్ళికో జబ్బుకో ముందే డబ్బు తీసుకుని ఉండేవాడు. ఉగాదికి లెక్క చూస్తే అప్పు ఎప్పుడూ కాస్త మిగిలేదట. ఆ మిగిలినది తీరాలంటే ఇంకో ఏడాది. ఊరంతా ఆయన్ని నమ్మకస్తుడు అనేవాళ్ళు.

ఒక యజమాని దగ్గర ఎన్నాళ్ళుండాలి అనేది కెరీర్ సలహాల ప్రశ్న అనుకుంటాం. రెండేళ్ళకోసారి మారితేనే హైక్ అని ఒకరు, రెజ్యూమే చెడిపోతుందని ఇంకొకరు. ఇందులో చట్టం పాత్ర ఎంతో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ పదకొండో పేజీ పుణ్యమా అని ఈ నెలరోజులూ పాత చట్టాలు చదువుతూ కూర్చున్నాను.

మొదట దొరికింది 1859 నాటి 13వ చట్టం. పనివాళ్ళ ఒప్పంద ఉల్లంఘన చట్టం అనుకోవచ్చు. కలకత్తాలోని యూరోపియన్ వ్యాపారుల సంఘం పెట్టుకున్న అర్జీ దీనికి మూలం. అడ్వాన్సు తీసుకుని పనివాళ్ళు ఎగ్గొడుతున్నారన్నది వాళ్ళ ఫిర్యాదు. కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల కోసం పుట్టి, తర్వాత ఇతర ప్రాంతాలకి పాకింది. అస్సాం తేయాకు తోటల్లో దీన్ని బాగా వాడుకున్నారు. పనిచేసే తీరు ఇది: అడ్వాన్సు తీసుకున్న పనివాడు సరైన కారణం లేకుండా మానేస్తే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్తాడు. డబ్బు తిరిగి ఇప్పించాలా, పనే చేయించాలా అన్నది యజమాని కోరుకోవచ్చు. పనివాడికి ఆ ఎంపిక లేదు. మేజిస్ట్రేటు ఆజ్ఞ పాటించకపోతే మూడు నెలల దాకా కఠిన కారాగారం.

రెండు మనుషుల మధ్య ఒప్పందం తెగితే మామూలుగా అది సివిల్ వ్యవహారం, నష్టపరిహారంతో పోవాలి. ఇక్కడ మాత్రం జైలు. అదీ ఒకవైపే. యజమాని మాట తప్పితే ఈ చట్టం కింద అతనికి జైలు లేదు.

ఇది జరిగిన పదమూడేళ్ళకి, 1872లో, భారత ఒప్పందాల చట్టం వచ్చింది. అందులో 27వ సెక్షన్ ఏమంటుందంటే, న్యాయమైన వృత్తి గానీ వ్యాపారం గానీ చేసుకోకుండా ఎవరినైనా కట్టడి చేసే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. వ్యాపారపు గుడ్‌విల్ అమ్ముకున్నప్పుడు తప్ప దీనికి పెద్దగా మినహాయింపుల్లేవు. అప్పటి ఇంగ్లండు కోర్టులు సమంజసమైన కట్టడిని ఒప్పుకునేవి, మన సెక్షన్ అదీ ఒప్పుకోలేదు. కారణం, అది ఇంగ్లండు నుంచి వచ్చింది కాదు. డేవిడ్ డడ్లీ ఫీల్డ్ అనే అమెరికన్ న్యాయవాది న్యూయార్క్ కోసం రాసిన సివిల్ కోడ్ ముసాయిదా నుంచి తీసుకున్నది. న్యూయార్క్‌లో ఆ సివిల్ కోడ్ చట్టమే కాలేదు. కానీ అదే 1872లో ఇంకొకరు కూడా ఆ ముసాయిదాని తీసుకుని చట్టం చేసుకున్నారు. కాలిఫోర్నియా వాళ్ళు.

ఇది చదివినప్పుడు నేను లేచి టీ పెట్టుకున్నాను. 1957లో విలియం షాక్లీ లాబ్ నుంచి ఎనిమిది మంది ఒకేసారి మానేసి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టిన కథ మా రంగంలో అందరికీ తెలుసు. వాళ్ళలో ఇద్దరు, నాయిస్, మూర్, 1968లో అక్కడినుంచీ బయటికొచ్చి ఇంటెల్ పెట్టారు. పోటీ కంపెనీలో చేరకూడదనే ఒప్పందం కాలిఫోర్నియాలో చెల్లదు కాబట్టే సిలికాన్ వ్యాలీ అలా పెరిగిందని రోనాల్డ్ గిల్సన్ అనే న్యాయశాస్త్రవేత్త 1999లో వాదించాడు. అదొక్కటే కారణమని నేననుకోను, రక్షణ శాఖ ఆర్డర్లూ స్టాన్‌ఫర్డూ ఉన్నాయి. అయినా అక్కడ ఉద్యోగం మానడాన్ని నేరంగా చూడని ఒక పాత వాక్యం ఉంది. ఆ వాక్యమే మన దగ్గరా ఉంది, అదే ఏడాది నుంచి.

మరి మనకేమైంది? ఒక్క వాక్యంతో దేశాలు మారిపోవు, నిజమే. కానీ మన దగ్గర ఆ వాక్యం ఒంటరిగా లేదు. పక్కనే 1859 చట్టం బతికే ఉంది. ఇంగ్లండు తన దగ్గర పనివాళ్ళని ఇలా జైలుకి పంపడం 1875లో మానుకుంది. ఇక్కడ మాత్రం 1925లో రద్దు చట్టం చేసి, 1926 ఏప్రిల్ నుంచి అమలు చేశారు. అంటే యాభై ఏళ్ళకు పైగా ఈ దేశంలో వృత్తి చేసుకునే స్వేచ్ఛని ఏ ఒప్పందమూ ఆపలేదని ఒక చట్టం, పని మానేస్తే జైలని ఇంకో చట్టం, రెండూ ఒకే మేజిస్ట్రేటు అలమారాలో ఉన్నాయి. ఎవడు దేని కిందకి వస్తాడన్నది తేల్చేది అడ్వాన్సు. చేతిలో డబ్బున్నవాడు 27వ సెక్షన్ మనిషి, ముందే పుచ్చుకున్నవాడు 1859 మనిషి.

జైలు పోయినా అడ్వాన్సు పోలేదు. 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో దేశంలోని రకరకాల కట్టుచాకిరీల పేర్లు వరసగా ఇచ్చారు. ఆ జాబితాలో వెట్టి ఉంది, భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది. జీత అనేది కన్నడంలో కట్టుచాకిరీకి మాట. మనం నెలాఖరున బ్యాంకు మెసేజ్ చూసుకుని జీతం పడింది అంటాం. తాతని ఊళ్ళో నమ్మకస్తుడన్నారని చెప్పాను కదా. పార్లమెంటు ఆయన పనికి వేరే పేరు పెట్టిందని ఆయనకెవరూ చెప్పినట్టు లేదు.

భయపెట్టి ఉంచడం ఒక పద్ధతైతే, ఆశపెట్టి ఉంచడం ఇంకోటి. గ్రాట్యుటీ కథ అక్కడే మొదలవుతుంది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, మూడేళ్ళు చేసి స్వచ్ఛందంగా మానేసిన పాత్రికేయుడికి కూడా గ్రాట్యుటీ ఇవ్వాలంది. పత్రికల యజమానులు కోర్టుకెళ్ళారు. 1958లో ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. గ్రాట్యుటీ సుదీర్ఘ సేవకి ఇచ్చే బహుమానం, మూడేళ్ళకే తన ఇష్టంతో వెళ్ళిపోయేవాడికి ఇమ్మనడం యజమానిపై అన్యాయమైన భారం అన్నది తీర్పు సారాంశం. తర్వాత 1962 సవరణలో దాన్ని పదేళ్ళు చేశారు. ఐతే ఒక మెలిక: ఆత్మప్రబోధం కారణంగా రాజీనామా చేస్తే మూడేళ్ళు చాలు.

నాకు ఈ మెలిక చాలా నచ్చింది. ఎన్నాళ్ళున్నావు అని మాత్రమే కాక, ఎందుకు వెళ్తున్నావు అని కూడా అడిగిన చట్టం నాకు ఇదొక్కటే కనపడింది. మిగతా మనందరికీ 1972 గ్రాట్యుటీ చట్టం ఐదేళ్ళని గీత గీసింది. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలని ఇరవయ్యారు రోజులుగా లెక్కగట్టి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త కోడ్‌లో, గడువు కట్టిన ఉద్యోగులకి ఏడాదికే ఇస్తున్నారు, పర్మనెంట్ వాళ్ళకి మాత్రం గీత అక్కడే ఉంది.

నా మొదటి ఉద్యోగంలో రెండేళ్ళ బాండ్ రాయించుకున్నారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తీసి పెట్టుకున్నారు. అవన్నీ చెల్లవు రా అని ఫ్రెండ్స్ ధైర్యం చెప్పేవాళ్ళు. పూర్తిగా నిజం కాదు. కట్టడి ఉద్యోగం ముగిశాక వర్తిస్తుందా, ఉద్యోగ కాలంలోనా అన్నదాని మీద కోర్టులు 1967 నుంచీ తేడా చూపిస్తున్నాయి. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు అదే చెప్పింది. మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న బాండ్ 27వ సెక్షన్‌కి విరుద్ధం కాదంది. ఆ అధికారి 2007లో చేరి 2009లో మానేశాడు. తీర్పు వచ్చేసరికి ఆ బ్యాంకే లేదు, 2019లోనే బ్యాంక్ ఆఫ్ బరోడాలో కలిసిపోయింది. మనిషి మూడేళ్ళు ఉండలేదన్న వ్యాజ్యం, సంస్థ కంటే ఎక్కువ కాలం బతికింది.

నా లెక్క కూడా చెప్పేస్తాను. నా బేసిక్ మీద ఐదేళ్ళకి గ్రాట్యుటీ ఒక లక్షా డెబ్భై మూడు వేల చిల్లర. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే ఐదేళ్ళు నిండినట్టేనని మద్రాసు హైకోర్టు ఒక కేసులో చెప్పింది. ఆ ప్రకారం నా రెండు నెలల నోటీసు కలిపితే సరిపోతుంది. మా హెచ్చార్ మాత్రం పాలసీలో ఐదేళ్ళే అంది. పోట్లాడితే రావచ్చు, రాకపోవచ్చు. లక్షా డెబ్భై మూడు వేలు నాకు చిన్న మొత్తమేమీ కాదు, అమ్మ కళ్ళ ఆపరేషన్ ఉంది. అయినా సోమవారం రాజీనామా పెట్టాను.

ఆ తర్వాత కొత్త కంపెనీకి ఒక మెయిల్ రాశాను. జాయినింగ్ బోనస్ వద్దు, అందులో సగమైనా జీతంలో కలపండి, పదకొండో పేజీ తీసేయండి అని. వాళ్ళ రిక్రూటర్ ఫోన్ చేసింది. "అలా ఎవరూ అడగరండీ. అందరూ బోనస్ పెంచమంటారు. కనుక్కుని చెప్తాను," అంది. మూడు రోజులైంది, ఇంకా చెప్పలేదు.