పోయిన పాటల జాడలు

పాట గాలిలో పుట్టి గాలిలోనే కలిసిపోవును. పాడినవాని నోట, విన్నవాని మనసున తప్ప దానికి వేరు చోటు లేదు. వేల సంవత్సరములు మానవుడు దీనిని ప్రకృతి ధర్మమని ఒప్పుకొనెను. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ యంత్రమును నిర్మించిన తరువాత శబ్దమును బంధించి మరల వినుట సాధ్యమైనది. ఒకసారి బంధింపబడిన పాట ఇక పోదని మనమందరము అనుకొందుము. కాని 20వ శతాబ్దపు ఉత్తరార్ధములో, యంత్రములు చక్కగా పనిచేయుచున్న కాలములోనే, టెలివిజన్‌లో ప్రసారమైన సంగీత, వినోద కార్యక్రమములు వేలకొలది నశించినవి. వానిలో చాలవరకు అగ్ని వలన పోలేదు, వరద వలన పోలేదు, భద్రపరుపవలసినవారే చెరిపివేసిరి. ఎందుకు చెరిపిరి? చెరిగినవానిలో కొన్ని మరల ఎట్లు దొరకినవి? ఆ కథతో మన బుగ్గారము, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములకు ఏమి పని? ఈ వ్యాసమున చూతము.

నాడా మీది చాళ్లు

టెలివిజన్ తొలి దినములలో చాల కార్యక్రమములు ప్రత్యక్ష ప్రసారములే. స్టూడియోలో గాయకుడు పాడుచుండగనే ఆ దృశ్యము ఇంటింటికి చేరెడిది. పాట ముగియగానే దాని కథయు ముగిసెడిది. నిలుపుకొనవలెనన్నచో టెలివిజన్ తెర యెదుట ఫిలిం కెమెరాను అమర్చి తెరమీది బొమ్మలను తీయవలసివచ్చెడిది. దీనికి టెలిరికార్డింగ్ అని పేరు. ఇందు బొమ్మ కొంత మసకబారినను, ఫిలిం మీద పడినది కనుక చాలకాలము నిలుచును. ఈ సంగతి ముందు మనకు అక్కరకు వచ్చును.

శబ్దమును అయస్కాంత టేపుపైకి ఎక్కించుట 1930లలోనే జర్మనీలో సాధ్యమైనది. సన్నని ప్లాస్టిక్ నాడాపై ఐరన్ ఆక్సైడు పొడిని జిగురుతో కలిపి పూయుదురు. ఈ నాడా ఒక చిన్న విద్యుదయస్కాంతమును తాకుచు పోవునపుడు, శబ్దములోని హెచ్చుతగ్గులను అనుసరించి పొడిలోని కణములు అయస్కాంతములగును. ఆ విద్యుదయస్కాంతమునే హెడ్ అందురు. బొమ్మ విషయములో మాత్రము చిక్కు వచ్చినది. శబ్దమునకు సెకండుకు 15 వేల కంపనములను నమోదు చేసిన చాలును. టెలివిజన్ బొమ్మకు 40, 50 లక్షలు నమోదు చేయవలెను. అందుకు నాడా హెడ్డు ముందు ఎంతో వేగముగా పరుగెత్తవలెను. బి.బి.సి. ఇంజనీర్లు 1958లో ప్రదర్శించిన వెరా అను యంత్రములో నాడా సెకండుకు 5 మీటర్ల చొప్పున పోయెడిది. అర మీటరు వ్యాసముగల పెద్ద చుట్టలోను 15 నిమిషముల కార్యక్రమమే పట్టెడిది.

ఈ చిక్కును అంతకు రెండేండ్ల ముందే, 1956 ఏప్రిల్‌లో, అమెరికాలోని ఆంపెక్స్ కంపెనీవారు విప్పియుండిరి. చార్లెస్ గిన్స్‌బర్గ్ నాయకత్వమున పనిచేసిన ఆ బృందములో, తరువాత ధ్వని యంత్రములకు పేరుపొందిన రే డాల్బీ కూడ ఉండెను. వారు నాడాకు బదులు హెడ్డునే పరుగెత్తించిరి. రెండంగుళముల వెడల్పుగల నాడా సెకండుకు 38 సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా పోవుచుండగా, నాలుగు హెడ్లు అమర్చిన చక్రము నిమిషమునకు 14,400 సార్లు తిరుగుచు నాడాపై అడ్డముగా గీతలు వ్రాయును. రైతు పొడవునా ఒక్క చాలు దున్నుటకు బదులు, మడిలో అడ్డముగా దగ్గర దగ్గర చాళ్లు దున్నినట్లని విద్యార్థులు ఊహించుకొనవచ్చును. నాడా నెమ్మదిగా కదలినను, హెడ్డుకు నాడాకు నడుమ వేగము సెకండుకు సుమారు 40 మీటర్లు కలుగును. బొమ్మకు ఆ వేగము సరిపోయినది.

పలక మీది వ్రాత

టేపు సుగుణమే దాని పాలిట శాపమైనది. ఫిలింపై పడిన బొమ్మను తుడిచి ఆ ఫిలింను మరల వాడుట కుదరదు. టేపును పలకవలె ఎన్నిసార్లైనను తుడిచి వాడవచ్చును. దిక్కు మార్చుచు నుండు బలమైన అయస్కాంత క్షేత్రములో టేపును ఉంచి, ఆ క్షేత్రమును క్రమముగా తగ్గించినచో, కణములు ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కునకు తిరిగి నిలిచిపోవును. అన్నియు కలిసి ఏమియు చెప్పవు. ఇట్లు చెరిగిన బొమ్మను ఆ టేపునుండి తిరిగి రాబట్టుటకు ఆచరణలో మార్గము లేదు.

ఆనాడు గంట నిడివిగల టేపు వెల సుమారు 300 డాలర్లు. ఇంటిలో పెట్టి చూచుకొను వీడియో యంత్రములు లేవు. కనుక పాత కార్యక్రమమునకు అంగడిలో వెల లేదు. బ్రిటన్‌లో నటుల, వాద్యకారుల సంఘములతో జరిగిన ఒప్పందముల వలన పునఃప్రసారములకు పరిమితి ఉండెను. 1960ల చివర రంగుల టెలివిజన్ వచ్చిన తరువాత నలుపు తెలుపు కార్యక్రమములను మరల ఎవరు చూతురను భావము బలపడినది. ఇన్ని కారణములు కూడినపుడు గిడ్డంగి అధికారికి టేపు విలువైనదిగాను, అందులోని పాట ఖర్చైపోయిన సరుకుగాను కనిపించెను.

ఫలితము చూడుడు. 1964 జనవరి 1న ప్రారంభమైన 'టాప్ ఆఫ్ ది పాప్స్' అను బి.బి.సి. వారపు సంగీత కార్యక్రమములో, మొదటి 500 సంచికలలో పూర్తిగా మిగిలినవి 20 మాత్రమేనని లెక్క. పీటర్ కుక్, డడ్లీ మూర్ అను హాస్యనటులు 1965 నుండి 1970 వరకు నడపిన వినోద కార్యక్రమములో పెక్కు భాగములు చెరిగిపోయినవి. కొత్త టేపులకగు ఖర్చును తామే ఇత్తుమని వారు కోరినను ఫలితము లేకపోయెనని చెప్పుదురు. బి.బి.సి. క్రమబద్ధముగా కార్యక్రమములను భద్రపరచుట 1978 ప్రాంతముననే మొదలైనది. మానవుడు చంద్రునిపై కాలు మోపిన 1969 నాటి మూల టేపులే చెరిపి తిరిగి వాడబడినట్లు అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 2009లో తేల్చినదనిన, పాటల సంగతి చెప్పనేల?

జాడ తీసిన తీరు

చెరిగిన టేపునుండి పాట తిరిగి రాదు. కాని ఆ పాటకు మరియొక ప్రతి ఎక్కడనైన ఉండవచ్చును. వెదకువారి శాస్త్రమంతయు ఈ ఒక్క మాటపై నిలిచియున్నది. రెండవ ప్రతులు ముఖ్యముగా మూడు తావుల దొరకినవి.

మొదటిది విదేశము. ఇతర దేశములకు అమ్ముటకై బ్రిటిష్ కార్యక్రమములను టెలిరికార్డింగ్ ద్వారా ఫిలింపైకి ఎక్కించి పంపిరి. స్వదేశమున టేపు చెరిగినను దూరదేశమున ఫిలిం నిలిచినది. 'డాక్టర్ హూ' అను ధారావాహికలో పోయినవనుకొన్న 9 భాగములు నైజీరియాలోని జోస్ నగరపు ప్రసార కేంద్రమున దొరకినట్లు 2013లో ప్రకటించిరి. అది నాటకమేగాని సంగీతము కాదు. ఐనను వెదకు పద్ధతి ఒక్కటే.

రెండవది ఆ పనిలో ఉన్నవారి ఇల్లు. 1973 జనవరిలో గాయకుడు డేవిడ్ బౌయీ 'టాప్ ఆఫ్ ది పాప్స్'లో పాడిన పాట టేపు చెరిగిపోయినది. ఆనాడు కెమెరా నడపిన జాన్ హెన్‌షల్, తాను వాడిన విశేషమైన కటకపు పనితనమును చూపుకొనుటకై ఒక ప్రతిని తీసికొని దాచుకొనెను. లోకమున అది ఒక్కటే మిగిలినదని ఆయనకు తెలియదు. 2011లో అది బయటపడినది.

మూడవది ప్రేక్షకుని ఇల్లు. 1966 జూన్ 16న బీటిల్స్ బృందము ఆ కార్యక్రమమున పాడుచుండగా, లివర్‌పూల్‌లోని ఒక కుటుంబమువారు తమ 8 మిల్లీమీటర్ల చిన్న కెమెరాతో టెలివిజన్ తెరను ఫిలిం తీసిరి. శబ్దము లేని ఆ 11 సెకండ్ల తునక 2019లో వెలుగులోనికి వచ్చినది. కొందరు టేపురికార్డరు మైకును టెలివిజన్ దగ్గర పెట్టి శబ్దమును మాత్రము పట్టుకొనిరి. 'డాక్టర్ హూ' భాగములలో బొమ్మ పోయినవాని శబ్దమంతయు ఇట్టి బాలుర, యువకుల చలవ వలననే నిలిచినది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున మేరియన్ స్టోక్స్ అను మహిళ 1970ల చివరి నుండి 2012లో మరణించువరకు టెలివిజన్ వార్తలను ఇంటియందే రికార్డు చేయించెను. ఆ టేపులు సుమారు 70 వేలు.

మన తెలుగునాట

మనకును ఇట్టి నష్టములు ఉన్నవి. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి ఒక్కటియు నేడు లభ్యము కాదు. ఆ చిత్రము 1931 సెప్టెంబరులో విడుదలైనదని చిరకాలము నమ్మిరి. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి సెన్సారు వివరములను, పత్రికలను శోధించి, అది 1932 జనవరి 22న సెన్సారై ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనట్లు నిరూపించెను. చిత్రము దొరకలేదు; కాని దాని చరిత్ర సరియైనది. ఏమి పోయినదో, ఎన్నడు పోయినదో కాగితముల ఆధారముతో పట్టిక వ్రాయుటయే వెదకులాటలో తొలి మెట్టు. రేడియో, టెలివిజన్ విషయములలో పాత దినపత్రికలందలి కార్యక్రమ వివరములు, ఆకాశవాణివారి 'వాణి' పత్రిక ఇట్టి ఆధారములు.

మన దేశమున టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రారంభమైనది. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరముపాటు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు విద్యా కార్యక్రమములు పంపిన ప్రయోగములో ఆనాటి ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. తెలుగు కార్యక్రమములను హైదరాబాదులో తయారుచేసిరి. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. 1983 నవంబరు 14న శాంతిస్వరూప్ తొలి తెలుగు టెలివిజన్ వార్తలు చదివెను. శుక్రవారపు 'చిత్రలహరి' కొరకు ఊరంతయు ఒక్క ఇంటిలో కూడిన దినములను పెద్దలు ఇప్పటికిని తలచుకొందురు. ఆనాడు మనకు టేపు దిగుమతి సరుకు. ప్రత్యక్ష ప్రసారములు హెచ్చు. ఉన్న టేపును తిరిగి వాడుట సామాన్యము. ప్రసారభారతివారు తమ భాండారములో మిగిలిన సంగీత, నాటక కార్యక్రమములను డిజిటల్ రూపములోనికి మార్చి ప్రజలకు అందించుచుండుట సంతోషకరము. మిగలనివాని కొరకు వెదకవలసినది భాండారము వెలుపలనే.

ఆ వెలుపల అనునది మన ఇల్లే. 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని మన ప్రాంతపు బ్రతుకుతెరువును మూడు మాటలలో చెప్పుదురు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెలనుండి గల్ఫ్ దేశములకు పోయినవారు టేపురికార్డరును, వీడియో యంత్రమును ఇంటికి తెచ్చిరి. క్యాసెట్టులో మాటలాడి ఉత్తరమునకు బదులుగా పంపుకొనిరి. పెండ్లిని, పట్నాలను, జాతరను వీడియో తీయించిరి. పెండ్లి టేపు చివర మిగిలిన జాగాలో ఒక టెలివిజన్ కార్యక్రమము, బీరప్ప కథ చెప్పించిన రాత్రి తీసిన క్యాసెట్టులో ఒక ఒగ్గుకథ పూర్తిగా ఉండుటకు అవకాశము కలదు. వేములవాడ చెంతనున్న హనుమాజీపేట ఒగ్గుకథకుడు మిద్దె రాములు వంటివారి కళ అచ్చు పుస్తకమునకు లొంగునది కాదు. కథను కాగితముపై వ్రాయవచ్చును; డోలు దెబ్బకు గొంతు ఎక్కడ ఎగసెనో, ఎక్కడ ఆగెనో, వింతకు కూర్చున్నవారు ఎక్కడ నవ్విరో వ్రాయలేము. అది టేపు మీదనే ఉండును, లేదా ఎక్కడను ఉండదు.

కాలముతో పందెము

ఇప్పుడు చెరుపుచున్నది మనిషి కాదు, ప్రకృతి. పొడిని నాడాకు అంటించిన పాలియూరిథేన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకొని కొంత కాలమునకు విచ్ఛిన్నమగును. నాడా జిగటగా మారి హెడ్డుకు అతుక్కొనును. ఆడించినచో బొమ్మను మోయు పొడియే రాలిపోవును. అట్టి టేపులను నిపుణులు 50 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున గంటలకొలది వేడిచేసి, తాత్కాలికముగా ఆరబెట్టి, వెంటనే ప్రతి తీయుదురు. వానకాలపు తేమలో బూజు పట్టుట వేరొక బాధ. టేపు బాగుగా ఉన్నను దానిని ఆడించు యంత్రము ఉండవలెను గదా! జపానులోని ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీడియో క్యాసెట్టు యంత్రముల తయారీని నిలిపివేసినది. ధ్వని, దృశ్య భాండారముల అంతర్జాతీయ సంఘము యునెస్కోతో కలిసి 2019లో హెచ్చరించుచు, 2025 తరువాత ఈ టేపులను ఆడించు యంత్రములు దొరకుట మిక్కిలి కష్టమగునని చెప్పెను. ఆ గడువు దాటినది.

కనుక ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలోని విద్యార్థులచేత ఇంటింటి అలమరలో, అటకపై ఉన్న క్యాసెట్టుల పట్టిక వ్రాయింపుడు. ఎవరు పాడిరి, ఎక్కడ, ఏ సంవత్సరము, ఏ సందర్భము: ఈ నాలుగు సంగతులు ఇంటి పెద్దలు ఉండగానే అడిగి వ్రాయవలెను. క్యాసెట్టు వీపున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉండును. దానిని విరిచినచో సాధారణ యంత్రము దానిపై మరల రికార్డు చేయజాలదు. ఇది చరిత్రను కాపాడు పనులలో మిక్కిలి చౌకయైనది. క్యాసెట్టులను నిలువుగా, తేమ లేని చోట, లౌడుస్పీకరుకు దూరముగా ఉంచవలెను. బూజు కనిపించిన టేపును ఆడించి చూడరాదు, నిపుణునికి చూపవలెను. ప్రతి తీసిన తరువాత దానిని వేర్వేరు తావులలో మూడు చోట్ల దాచవలెను. మూల టేపును పారవేయరాదు. పాట పాడినవారికి, వారి కుటుంబమునకు హక్కులు ఉన్నవి గనుక వారి అనుమతి లేనిదే లోకమునకు పంచరాదు.

జోస్ నగరపు ఉద్యోగి గాని, కటకపు పనితనమును దాచుకొన్న కెమెరామన్ గాని, మైకు పట్టుకొని ఊపిరి బిగబట్టిన బాలుడు గాని తాము చరిత్రను రక్షించుచున్నామని అనుకొనలేదు. వారికి తెలియకయే అది జరిగినది. మనకు తెలిసియు జరుగకపోయినచో ఆ నష్టమునకు టేపు వెలను కారణముగా చెప్పుకొనుటకు ఇక వీలులేదు.