తీపి ఊరగాయను కాపాడునదేది?

బెల్లపు ఆవకాయ రుచి యెరిగిన మనకు తీపి ఊరగాయ కొత్తది కాదు. ఆవకాయ నిలువయుండుటకు ముఖ్య కారణములు ఉప్పు, మామిడిలోని పులుపు. పాశ్చాత్యుల తీపి ఊరగాయ వేరు. అందు వాడునది కీరదోసకాయ. నూనె ఉండదు, ఉప్పు స్వల్పము. కీరదోసకు చెప్పుకోదగిన పులుపు లేదు. కనుక దానిని వెనిగరులో ఊరవేసి చక్కెర, ఆవాలు, సోయకూర చేర్చుదురు. ఈ దినుసులలో కాయను కాపాడునది ఏది? దీనికి సమాధానము దొరకుటకు చాల కాలము పట్టినది.

ఫ్రాన్సు దేశమున నికొలస్ అపేర్ ఆహారమును సీసాలలో మూసి, వేడినీటిలో ఉడికించి నిలువచేయు విధానమును 1810లో గ్రంథముగా ప్రకటించెను. అట్లు చేసిన ఆహారము చెడకుండుటకు కారణము మాత్రము ఆయనకు తెలియదు. ద్రాక్షసారా వెనిగరుగా మారుట సూక్ష్మజీవుల వలననే అని 1860 తరువాతి సంవత్సరములలో లూయీ పాశ్చర్ నిరూపించెను. ఈలోగా, 1858లో, అమెరికాలో జాన్ మేసన్ మరమూత గల గాజుసీసాకు పేటెంటు పొందెను. ఇంటింట ఊరగాయలు సీసాలకెక్కినవి.

కాని గాలి చొరని పాత్రలోనే పెరుగు సూక్ష్మజీవి యొకటి కలదు. 1895 డిసెంబరులో బెల్జియములోని ఎల్జెల్ గ్రామమున వాద్యబృందమువారు ఉప్పునీటిలో ఊరవేసిన పందిమాంసమును వండకయే తిని జబ్బుపడిరి. ముగ్గురు మరణించిరి. ఘెంట్ ఆచార్యుడు ఎమిల్ వాన్ ఎర్మెంగెం ఆ మాంసమును పరీక్షించి, విషమును పుట్టించిన సూక్ష్మజీవిని వేరుచేసి, 1897లో వివరములు ప్రకటించెను. నేడు దానిని క్లాస్ట్రిడియం బొట్యులినం అందురు. ఉప్పునీరు తగినంత గాఢముగా లేనిచో అది పెరుగును. దాని బీజములు నీరు మరుగు వేడిమికి కూడ చావవు.

మరి దానిని అడ్డగించునది ఏది? పులుపు. అయితే పులుపును నాలుకతో కొలువలేము. 1909లో కోపెన్‌హేగన్‌లో సోరెన్‌సెన్ ఆమ్లతను తెలుపు పీహెచ్ కొలమానమును ప్రవేశపెట్టెను. అందు అంకె తగ్గిన కొలది పులుపు హెచ్చు. 4.6 గాని అంతకు తక్కువ గాని అయినచో ఈ బీజములు మొలకెత్తవు. కీరదోస దీనికి పైన, వెనిగరు చాల క్రింద ఉండును. కాయను కాపాడునది వెనిగరే. ఇందు వేయు చక్కెర పులుపు ఘాటును నాలుకకు మరుగుపరచునే గాని తగ్గించదు, ఆకు సువాసననిచ్చును.

1923లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఫానింగ్ దంపతులు "బ్రెడ్ అండ్ బటర్" అను పేరును నమోదు చేయించుకొనిన తీపి ఊరగాయ ఈ కోవలోనిదే. ఇంట సులభముగా చేయదలచినచో, చక్రాలుగా తరిగిన కీరదోసకు ఉప్పు చల్లి రెండు గంటలుంచి, ఊరిన నీటిని వార్చవలెను. ఒక గిన్నెడు వెనిగరు, ముప్పాతిక గిన్నెడు చక్కెర, చెంచాడు ఆవాలు మరిగించి, శుభ్రమైన గాజుసీసాలో సోయకూరతో పేర్చిన ముక్కలు మునుగునట్లు పోయవలెను. చల్లారిన పిదప రిఫ్రిజిరేటరులో ఉంచి, కొద్ది వారములలో వాడుకొనవలెను.

ఎన్నుకొనవలసినది 5 శాతము ఆమ్లము గల వెనిగరు. మన అంగళ్లలో 4 శాతముది కూడ అమ్ముదురు గనుక సీసాపై అంకె చూచి కొనుట మంచిది. చక్కెర తగ్గించవచ్చును, ఆకు మార్చవచ్చును. పులుపు మిక్కుటమైనదని వెనిగరులో నీరు మాత్రము కలుపరాదు.