పాలు, ఇత్తడిచెంబు, పసిబిడ్డ

పాకాల చిన్న ఊరైనను పెద్ద రైలు కూడలి. 1891లో విల్లుపురము నుండి ధర్మవరము వరకు మీటరుగేజి దారి పడిన నాటినుండి పీలేరు, మదనపల్లె వైపుల జనము పాకాల మీదుగానే కాట్పాడికి, అచ్చటినుండి వేలూరికో మద్రాసుకో పోవుచుండిరి. ఆ పోయెడివారిలో పసిబిడ్డను ఒడిలో నుంచుకొని వైద్యుని వెదకుచు పోవు తల్లిదండ్రులును ఉండెడివారు. బిడ్డకు కాలుసేతులు సన్నగిల్లును. పొట్ట మాత్రము ఉబ్బును. ఆకలి యుండదు, ఎడతెగని చిరాకు. కడుపుమీద చేయి వేసినచో కాలేయపు అంచు గట్టిగా తగులును. కొన్ని నెలలకు కన్నులు పచ్చబడును. పెద్దలు దీనిని ‘లివరు’ అనెడివారు. ఇంగ్లీషు ముక్క రాని ముసలమ్మలు సైతము ఆ మాటనే వాడుటనుబట్టి, ఆ భయము మన యిండ్లలో ఎంత లోతుగా పాతుకొనెనో ఊహింపవచ్చును. మద్రాసులో జమ్మి వెంకటరమణయ్యగారి పేర వెలసిన లివరు మందు తెలుగు ఇండ్లలో ఎరుగనివారు లేరు.

వైద్యగ్రంథములు దీనికి ‘భారతీయ శిశు సిరోసిస్’ అని పేరిడినవి. 1887లో కలకత్తాలో సేన్ అను వైద్యుడు దీనిని మొదట వర్ణించెను. ఆరు నెలలు మొదలు మూడు నాలుగేండ్ల వరకు గల బిడ్డలకు ఇది వచ్చుచుండెను. వచ్చినచో సాధారణముగా కొన్ని నెలలలో ప్రాణము పోయెడిది. ఆశ్చర్యమేమనగా, ఇది కడుపేదల గుడిసెలకంటె పాడి గల మధ్యతరగతి యిండ్లనే ఎక్కువగా ఎన్నుకొనెడిది. ఒక ఇంట ఒక బిడ్డ పోయినచో రెండవ బిడ్డకును వచ్చుట కద్దు. ఇది వంశదోషమని కొందరు, తల్లిపాలు బిడ్డకు పడలేదని కొందరు అనుకొనిరి. ఈ రెండవ ఊహయే మిక్కిలి క్రూరమైనది. తల్లిని నిందించుటయే గాక, ఆమె పాలు మాన్పించి ఆవుపాలో గేదెపాలో పట్టుటకు అది కారణమైనది.

చిక్కుముడి విడుటకు తొంబదియేండ్లు పట్టినది. 1970ల చివర, ఈ వ్యాధితో మరణించిన బిడ్డల కాలేయములను పరీక్షించిన వైద్యులకు అందులో మితిమీరిన రాగి కనబడెను. ఆ రాగి ఎచ్చటిది? బ్రిటనుకు చెందిన స్టువర్ట్ టానర్, పుణెలోని వైద్యులు షీలా భవే, ఆనంద్ పండిత్ మొదలగువారు బిడ్డల యిండ్లకు సంబంధించిన వివరములను విచారించి, 1983లో ‘లాన్సెట్’ పత్రికలో తమ అభిప్రాయమును ప్రకటించిరి: చిన్ననాడే, అనగా కొన్ని నెలల లోపుననే పట్టిన పశువుల పాలలో రాగి కలియుటయే కారణము కావచ్చును. ఆ పాలు కాచినది, నిలువ ఉంచినది ఇత్తడి, రాగి పాత్రలలో.

ఇచ్చట మన వంటింటి సంగతి చెప్పవలయును. పిడకల దాలిపై మట్టికుండలో పాలు కాగెడి యిండ్లలో ఈ బెడద లేదు. అయితే బిడ్డకు పట్టెడి పాలను మాత్రము ప్రత్యేకముగా, గౌరవముగా, తోమి మెరిపించిన ఇత్తడి గిన్నెలో కాచి, అందులోనే ఉంచెడి యిండ్లు చాల ఉండెడివి. ఇత్తడి యనగా రాగియు యశదమును కలసిన లోహము. లోపల తగరపు కళాయి ఉన్నంత కాలము చింత లేదు. కళాయివాడు వీథిలోకి వచ్చి, తిత్తి ఊది, నవాసాగరము చల్లి, తగరము పూసి పోయెడివాడు. కాని ఆ పూత తోముటతో అరుగును. అరిగిన గిన్నెలో చింతపండు పులుసు కాచినచో చిలుము పట్టునని ప్రతి గృహిణికిని తెలియును. పులుపు వస్తువులను కళాయి లేని పాత్రలో ఉంచరాదను జాగ్రత్త తరతరములుగా ఉన్నది. పాలు పులుపు కాదు. వాటి రంగు మారదు, రుచి మారదు. కావున వాటిని అనుమానించినవారు లేరు. పాలలోని కేసీను అను మాంసకృత్తు రాగిని పట్టుకొని తనతో కట్టుకొనునని ఆనాటి తల్లికి ఎవరు చెప్పగలరు? అసలు ఆవుపాలలో సహజముగా ఉండు రాగి తల్లిపాలకంటె తక్కువే. నేరము ఆవుది కాదు. అప్పుడే పుట్టిన బిడ్డ కాలేయములో పుట్టుకతోనే రాగి నిలువ ఎక్కువగా నుండును. దానిని బయటికి పంపు శక్తి ఇంకను పక్వము కాదు. ఆ దశలో పైనుండి దినదినమును రాగి చేరుచుండిన దానికి మార్గమేది?

ఇది మనకు మాత్రమే పట్టిన పీడ కాదు. ఆస్ట్రియా దేశపు టిరోల్ కొండలలో 1900 నుండి 1974 వరకు 138 మంది పసివారు ఇట్టి వ్యాధితోనే మరణించిరని 1996లో వెల్లడియైనది. అచ్చటను ఆవుపాలకు నీరు, చక్కెర చేర్చి రాగిపాత్రలో కాచెడి ఆచారము. ఆ పాత్రలు పోయిన పిదప వ్యాధియు పోయినది. అయితే ఆ పాలు త్రాగిన వారందరికిని జబ్బు రాలేదు గనుక, వంశపరమైన బలహీనత కూడ తోడు కావలెనని తోచుచున్నది. మన దేశములో కొందరు పరిశోధకులు రాగి ఒక్కటియే మూలకారణమను వాదమును అంగీకరింపలేదు. ఆ వాదము నటుంచి చూచినను, స్టెయిన్‌లెస్ స్టీలు గిన్నెలు మన వంటిండ్లను ఆక్రమించిన కొలదిని, 1990ల నాటికి ఈ వ్యాధి అరుదైనదను మాట నిజము. వ్యాధి ముదరకముందే పెనిసిల్లమిన్ అను, రాగిని వెడలగొట్టు మందిచ్చి కొందరు బిడ్డలను బ్రతికించిరి.

గిన్నె మారినంతమాత్రమున పసికందునకు ఆవుపాలు పట్టవచ్చునా యని పాఠకులు అడుగవచ్చును. దూడ సుమారు ఏడు వారములలో పుట్టిన బరువుకు రెట్టింపగును. మన బిడ్డకు అయిదారు నెలలు పట్టును. ఆ వేగమునకు తగినట్లే ఆవుపాలలో మాంసకృత్తులు తల్లిపాలకంటె మూడింతలు, లవణములును అట్లే మూడింతలకు పైన. ఆ భారమును లేత మూత్రపిండములు మోయవలెను. ఇనుము మిక్కిలి తక్కువ. పైగా పసిప్రేగులలో కంటికి కనబడనంత రక్తము స్రవించి బిడ్డ పాలిపోవుటయు కలదు. పొట్టిగా నుండి వెన్న అధికముగ నిచ్చు మన పుంగనూరు ఆవు పాలు సయితము ఇందుకు మినహాయింపు కావు. ఆరు నెలలవరకు తల్లిపాలు మాత్రమే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుండి చెప్పుచున్నది. మన అన్నప్రాశనము ఆరవ నెలలో జరుగుట ఆ లెక్కకు సరిపోవుచున్నది. ఏడాది దాటిన పిల్లలకు ఇతర ఆహారముతో పాటు ఇచ్చు పాలు పొడవు పెరుగుటకు తోడ్పడునని వైద్యులే అందురు.

మా ఇంటి అటకపై ఇత్తడి ఉగ్గుగిన్నె యొకటి ఇప్పటికిని ఉన్నది. లోపలి కళాయి సగము పోయి, అడుగున పసుపురంగు కనబడుచున్నది. దానితో ఎందరికి పాలు పట్టిరో చెప్పువారు ఇంటిలో ఇప్పుడు లేరు.