వాలు నీళ్లు, చేపల గుంటలు

మబ్బు పట్టిన శ్రావణ మాసంలో తెల్లవారుజామున చేపల గుంట దగ్గరికి వెళితే, చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుచుకుని గుటకలు వేస్తూ కనిపిస్తాయి. అవి ఆకలితో అలా చేస్తున్నాయనుకుని మేత చల్లేవాళ్లున్నారు. వాటికి కావలసింది గాలి. పగలు ఎండలో నీటి నాచు ప్రాణవాయువు విడుస్తుంది. రాత్రి అదే నాచు చేపలతో పోటీపడి దాన్ని పీలుస్తుంది. రెండు మూడు రోజులు ఎండ లేకపోతే గుంటంతా ఒక్క రాత్రిలో చచ్చి తేలవచ్చు. అందుకే భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతుంటాయి. కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు మోగుతాయి. నీటిని కదిలించి గాలి కలపడానికి బలం కావాలి. ఆ బలం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదే చేపలు పెంచే ప్రతి ఒక్కరి ముందూ ఉన్న ప్రశ్న.

కొనకుండా, సొంత చేతులతో ఆ బలం సంపాదించిన వాళ్లెవరని వెతికితే ముందుగా ఎదురయ్యేది అమెరికాలోని న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్. 1969లో జాన్ టాడ్, నాన్సీ జాక్ టాడ్, విలియం మెక్లార్నీ దీన్ని మొదలుపెట్టారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో కేప్ కాడ్ అనే సముద్రతీర ప్రాంతంలో వాళ్ల పొలం ఉండేది. పడవ తెరచాపల్లాంటి గుడ్డ రెక్కలతో గాలిమరలు కట్టి నీళ్లు తోడుకున్నారు. ఎండ లోపలికి పోయే ఫైబర్ తొట్లలో నాచు పెంచి, దాన్ని మేపి తిలాపియా చేపలు పెంచారు. 1991లో ఆ సంస్థ మూతపడింది. మంచి పనే చేశారు. కానీ ఈ చరిత్రను అక్కడి నుంచి మొదలుపెట్టడం మాకు ఇష్టం లేదు.

అరుణాచల్ ప్రదేశ్‌లో జైరో లోయ ఉంది. సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తు. అక్కడ అపతానీలనే ఆదివాసులుంటారు. నాగలి లేదు, దున్నే పశువు లేదు. చేతి పారతోనే లోయంతా మెట్లు మెట్లుగా మళ్లు కట్టారు. చుట్టూ ఉన్న కొండల మీద అడవినీ వెదురు తోపులనూ కాపాడుకుంటారు. ఆ అడవి నుంచి దిగే వాగులను కాలువల్లోకి మళ్లించి మడి నుంచి మడికి పారిస్తారు. గట్టులో వెదురు గొట్టమో, తొలిచిన చెక్క గొట్టమో పెట్టి ఏ మడిలో ఎంత నీరు నిలవాలో సరిచేస్తారు. ఇంజను లేదు, మోటారు లేదు. వాలే వాళ్ల యంత్రం.

ఇక్కడొక సంగతి గమనించాలి. జైరో మళ్లలో చేపల పెంపకం తాతల నాటిది కాదు. 1960లలో ప్రభుత్వ మత్స్యశాఖ ద్వారా మొదలైంది. మనం బంగారు తీగ అని పిలిచే చేపే అక్కడి మళ్లలో ముఖ్యమైనది. పిల్ల బయటి నుంచి వచ్చింది, నీటి దారి మాత్రం అప్పటికే సిద్ధంగా ఉంది. వాళ్లు చేసిందల్లా మడి మధ్యలో లోతైన కాలువ తవ్వడమే. మడిలో నీరు తగ్గించినప్పుడు చేపలు ఆ కాలువలోకి చేరుకుంటాయి. నీరు పెడితే మళ్లీ వరి దుబ్బుల మధ్యకు వస్తాయి. నీటి మీద అధికారం తమ చేతిలో ఉన్నవాళ్లు కొత్తదాన్ని ఇంత తేలిగ్గా కలుపుకోగలరు. పథకం కింద పిల్లలు పంచి, నీటి సంగతి మరిచిపోయిన చోట్ల ఏమవుతుందో మనకు తెలుసు.

ఈ అపతానీల సేద్యాన్ని 1944లో వెళ్లి చూసి బయటి లోకానికి చెప్పినవాడు హైమెన్‌డార్ఫ్. మన ఆదిలాబాద్ గోండులకు బాగా తెలిసిన మనిషే. గోండు ఉపాధ్యాయుల శిక్షణ కోసం 1943లో మార్లవాయిలో కేంద్రం తెరవడం వెనుక ఉన్నది ఆయనే. 1987లో చనిపోయిన ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన పేరు మన బడుల్లో వినిపిస్తుంది. జైరో పేరు ఎందుకు వినిపించదో ఉపాధ్యాయులు ఆలోచించాలి.

మన తూర్పు కనుమల్లోనూ మెట్ల పొలాలున్నాయి, ఎండాకాలంలో కూడా ఆగని ఊటలున్నాయి. వాలు బలం మనకంటే ముందు ఇంజనీర్ల కంట పడింది. మాచ్‌ఖండ్ నీళ్లు డుడుమ దగ్గర 150 మీటర్లకు పైగా దూకుతాయి. పైన జలాపుట్ ఆనకట్ట కట్టి, 1955లో అక్కడ కరెంటు తీయడం మొదలుపెట్టారు. ఆ ప్రాజెక్టు కింద దాదాపు 3 వేల కుటుంబాలు ఊళ్లు వదిలాయి. అందులో సగం ఆదివాసులవే. పునరావాసం దొరికినవాళ్లు కొద్దిమందే. అదే నీరు తర్వాత బలిమెల, సీలేరు, డొంకరాయి, మోతుగూడెం దగ్గర మళ్లీ మళ్లీ కరెంటు ఇచ్చి శబరిలో కలుస్తుంది. తీగలు నెత్తిమీదుగా విశాఖపట్నం వెళ్లాయి. కింద గూడేల్లో దశాబ్దాల పాటు కిరోసిన్ బుడ్డే వెలిగింది. ఇప్పుడు పంప్డ్ స్టోరేజీ పేరుతో మళ్లీ మన గెడ్డలను కొలుస్తున్నారు. వద్దంటున్న ఊళ్లున్నాయి. మా మాట ఏమిటంటే, వాళ్లు కొలిచే లోపు మనం కూడా కొలుచుకోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. ఎండాకాలంలో, నీరు బాగా తగ్గినప్పుడే కొలవాలి. పిల్లగెడ్డను చిన్న మట్టికట్టతో మళ్లించి గొట్టంలోంచి పారించండి. 20 లీటర్ల బకెట్టు 2 సెకన్లలో నిండితే సెకనుకు 10 లీటర్లు. ఎంత ఎత్తు నుంచి దిగుతుందో తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టంతో తెలుస్తుంది. లీటర్లను మీటర్లతో హెచ్చవేసి, మళ్లీ 10తో హెచ్చవేస్తే వాట్లు వస్తాయి. 10 లీటర్లు, 10 మీటర్లయితే వెయ్యి వాట్లు. చక్రంలో, గొట్టంలో సగం పోయినా 500 మిగులుతాయి. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగల లెక్క ఇది. నాగాలాండ్ గ్రామాల్లో హైడ్రోజర్ అనే 3 కిలోవాట్ల చిన్న యంత్రాలు ఈ లెక్క మీదే నడుస్తాయి.

ఆ కరెంటుతో గుంటలో ఏరియేటరు తిప్పాలనుకోవద్దు. దాన్ని ఇళ్లకూ బడికీ ఉంచుకోవాలి. చక్రం తిప్పి కిందికి వచ్చిన నీటికి ఇంకో రెండడుగుల వాలు మిగిలితే చాలు, రాళ్ల మీదుగా గుంటలోకి దూకించవచ్చు. గాలి దానంతటదే కలుస్తుంది. ఊట నీరు నేల లోపలి నుంచి వస్తుంది కాబట్టి ఒక్కోసారి అందులో గాలి తక్కువ ఉంటుంది. అందుకే నేరుగా గొట్టంతో గుంట అడుగుకు వదలకూడదు. మన చల్లదనం కూడా మనకు లాభమే. 30 డిగ్రీల వేడి నీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టుకుంటే, 20 డిగ్రీల నీరు 9 దాకా పట్టుకుంటుంది. ఎత్తు పెరిగే కొద్దీ ఇది కొంత తగ్గుతుంది గానీ లాభం పూర్తిగా పోదు.

చింతపల్లి, లంబసింగి చలికి బొచ్చె, శీలావతి ఎదుగుదల మందగిస్తుంది, బంగారు తీగ తట్టుకుంటుంది. తిలాపియా జోలికి పోకపోతే మంచిది. వానాకాలం గుంట పొర్లితే అది గెడ్డలోకి దిగి మన పరిగెలను బతకనివ్వదు. పొర్లుకట్టకు వెదురు తడక బిగించడం మే నెలలోనే అయిపోవాలి. గట్టు కోసుకుపోకుండా పైన చోడి వేసుకోవచ్చు. జైరోలో వరి మళ్ల గట్ల మీద వేసేదీ చోడే.